అతుకుల దగ్గర చెవి పెట్టండి: డ్రీమ్ థియేటర్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి మేం ఎంచుకున్న ప్రశ్నలన్నీ ఒకే బ్యాండ్ చుట్టూ తిరిగేవి. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో జాన్ పెట్రూచి (గిటార్), జాన్ మ్యూంగ్ (బేస్), మైక్ పోర్ట్‌నాయ్ (డ్రమ్స్) కలిసి మొదలుపెట్టిన అమెరికన్ ప్రోగ్రెసివ్ మెటల్ బృందం డ్రీమ్ థియేటర్. అప్పటి పేరు మెజెస్టీ. ఆ పేరు అప్పటికే వేరేవాళ్లు వాడుతుండటంతో, పోర్ట్‌నాయ్ తండ్రి కాలిఫోర్నియాలోని ఒక సినిమాహాలు పేరు సూచించారు. అదే నిలిచింది.

ప్ర: పదహారు స్టూడియో ఆల్బమ్‌లున్నాయి. కథ ఉన్నవి మాత్రమే వినాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జ: 1989 నాటి మొదటి ఆల్బమ్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ రావద్దు. అసలు విషయానికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ముందు 1992లో వచ్చిన 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' తీసి, అందులో 'మెట్రోపొలిస్ పార్ట్ 1' ఒక్కటే రెండు మూడుసార్లు వినండి. తొమ్మిదిన్నర నిమిషాల పాట. అందులోని రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ బాణీ ముక్కలు) చెవికి పట్టాక 1999 నాటి 'మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'కి వెళ్లండి. 77 నిమిషాలు, ఒకే విడతలో.

ఆ 1992 పాటకి 'పార్ట్ 1' అని తగిలించింది సరదాకి. రెండో భాగం రాసే ఉద్దేశమే లేదు. కానీ అభిమానులు వదల్లేదు. 1996లో 21 నిమిషాల డెమో ఒకటి తయారైంది గానీ 1997 ఆల్బమ్‌లో దానికి చోటు దొరకలేదు. దాన్నే విప్పి, పెంచి, మొత్తం ఆల్బమ్‌గా చేశారు. అందుకే మొదటి భాగం వినకుండా రెండోది వింటే కథ అర్థమవుతుంది కానీ సగం ఆనందం పోతుంది. పాత రిఫ్ మళ్లీ తలుపు తట్టినప్పుడు మీరు గుర్తుపట్టలేరు.

ఆ తర్వాత 2002 నాటి 'సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్' రెండో సీడీ, 2005 నాటి 'ఆక్టవేరియమ్'. 2016 నాటి 'ది ఆస్టానిషింగ్' అన్నిటికన్నా చివర. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'పారాసోమ్నియా' ఎప్పుడు విన్నా ఫర్వాలేదు. అందులో ఒకే కథ లేదు, ఒకే విషయం ఉంది: నిద్రలో జరిగే అవకతవకలు. నిద్రలో నడవడం, అర్ధరాత్రి భయంతో అరుస్తూ లేవడం, మెలకువ వచ్చినా ఒళ్లు కదలకపోవడం, అలాంటప్పుడు గదిలో నీడ మనిషి కనిపించడం.

ప్ర: 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'లో చివరికి ఎవరు ఎవర్ని చంపారు? పాటల సాహిత్యం పక్కన పెట్టుకుని విన్నా తికమకగానే ఉంది.

జ: తికమకకి కారణం ఉంది. నికొలస్ పాడినా విక్టోరియా పాడినా జూలియన్ పాడినా గొంతు బ్యాండ్ గాయకుడు జేమ్స్ లాబ్రీదే. పైగా కథ రెండు కాలాల్లో నడుస్తుంది, హత్య గురించి రెండు కథనాలు వినిపిస్తాయి, అందులో ఒకటి అబద్ధం. ఎవరు మాట్లాడుతున్నారో తేల్చుకుంటే మిగతాది దానంతటదే విడిపోతుంది.

ప్రస్తుత కాలంలో ఉన్నది నికొలస్, అతన్ని హిప్నాసిస్‌లోకి పంపే చికిత్సకుడు. గత కాలం 1928. అక్కడ విక్టోరియా పేజ్ (నికొలస్ గత జన్మ ఈమే), ఆమె ప్రియుడు జూలియన్ బేన్స్, అతని అన్నదమ్ముడైన సెనేటర్ ఎడ్వర్డ్ బేన్స్ ఉంటారు. జూదానికీ మత్తుకీ బానిసైన జూలియన్ 'స్లీపర్'. ఎడ్వర్డ్ 'మిరకిల్'. 1992 పాట ఉపశీర్షికలో ఉన్న ఆ రెండు మాటలకీ ఏడేళ్ల తర్వాత మనుషులు దొరికారన్నమాట.

మొత్తం తొమ్మిది సీన్లు, పన్నెండు ట్రాక్‌లు. మొదటి అంకంలో ఐదు సీన్లు, రెండో అంకంలో నాలుగు. నాలుగో సీన్ 'బియాండ్ దిస్ లైఫ్' 1928 నాటి పత్రికా వార్త. జూలియన్ విక్టోరియాని చంపి తనూ చచ్చిపోయాడని ఆ వార్త. దీన్ని నమ్మేస్తేనే తర్వాతంతా చిక్కుపడుతుంది. తొమ్మిదో సీన్ 'ఫైనలీ ఫ్రీ'లో అసలు సంగతి బయటపడుతుంది. విక్టోరియా మళ్లీ జూలియన్‌తో కలవబోతుంటే ఎడ్వర్డ్ ఇద్దర్నీ చంపి, ఆత్మహత్య చీటీ పెట్టి, తనే సాక్షిగా నిలబడ్డాడు. అంటే నాలుగో సీన్‌లో పత్రిక చెప్పిన సాక్షి హంతకుడే. ఇది తెలిశాక 'బియాండ్ దిస్ లైఫ్' మళ్లీ వినండి, పాట రంగే మారిపోతుంది.

ఇంకో మెలిక చివరి నిమిషంలో ఉంది. నికొలస్ ఇంటికొస్తాడు, టీవీ పెడతాడు, రికార్డ్ ప్లేయర్ పెడతాడు. అంతలో ఆల్బమ్ మొదట్లో కళ్లు మూసుకోమన్న గొంతే వినపడుతుంది, ఈసారి కళ్లు తెరవమంటూ. నికొలస్ ఉలిక్కిపడతాడు, రికార్డ్ ముల్లు గీసుకున్న చప్పుడు, ఆపైన ఖాళీ హోరు. చికిత్సకుడు ఎడ్వర్డ్ మరుజన్మ. చక్రం మళ్లీ తిరిగింది. ఆల్బమ్‌లో ఇది సూచనగానే ఉంటుంది. 2000 ఆగస్టు 30న న్యూయార్క్ రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో తీసిన కచేరీ వీడియోలో బాహాటంగా చూపించారు. మా మాటకొస్తే చూపించకుండా ఉండాల్సింది. ఆ హోరు చెప్పింది చాలు.

ప్ర: నేను ఫోన్‌లో ఎంపీ3లు వింటాను. పాటకీ పాటకీ మధ్య చిన్న తెగుడు వస్తోంది. ఆల్బమ్ అలాగే ఉంటుందా? క్రాస్‌ఫేడ్ పెడితే పోతుందా?

జ: ఆల్బమ్ అలా ఉండదు. 'ఓవర్చర్ 1928' నుంచి 'స్ట్రేంజ్ దేజా వూ'లోకి, 'త్రూ మై వర్డ్స్' నుంచి 'ఫేటల్ ట్రాజెడీ'లోకి ఊపిరి తీసే సందు కూడా లేకుండా వెళ్లాలి. తెగుడు మీ ఫైళ్లది.

ఎంపీ3 ధ్వనిని 1,152 శాంపిళ్ల ముక్కలుగా కోసి దాచుకుంటుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన ఒక ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. పాట నిడివి సరిగ్గా ముక్కల లెక్కకి కుదరదు కాబట్టి చివరి ముక్కలో మిగిలిన చోటు నిశ్శబ్దంతో నిండుతుంది. ఎంపీ3 తయారుచేసే ఎన్‌కోడర్ మొదట్లోనూ కొంచెం నిశ్శబ్దం కలుపుతుంది. ఈ రెండూ ఒక అతుకు దగ్గర కలిసినప్పుడు డ్రమ్స్ తడబడినట్టు వినిపిస్తుంది. లేమ్ అనే ఎన్‌కోడర్‌తో చేసిన ఫైల్ అయితే ఎంత కత్తిరించాలో ఫైల్ తలలోనే రాసి ఉంటుంది. దాన్ని చదివే ప్లేయర్ కావాలి. సెట్టింగ్స్‌లో 'గ్యాప్‌లెస్' (సందు లేకుండా) అన్నది వెతికి ఆన్ చేయండి. అప్పటికీ పోకపోతే సీడీ నుంచి నేరుగా ఫ్లాక్ ఫైళ్లుగా (ధ్వనిలో ఏదీ పోకుండా దాచే రకం) తీసుకోండి. అందులో ఒక్క శాంపిల్ కూడా అటూ ఇటూ కాదు. ఉన్న ఎంపీ3నే ఫ్లాక్‌గా మార్చితే లాభం లేదు. మార్చే పరికరం ఆ ఫైల్ తలలోని లెక్క చదవకపోతే నిశ్శబ్దం కూడా భద్రంగా కొత్త ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది.

క్రాస్‌ఫేడ్ మాత్రం పెట్టొద్దు. ఐదు సెకన్ల క్రాస్‌ఫేడ్ అంటే ప్రతి పాట చివరి ఐదు సెకన్లూ తర్వాతి పాట మీద పడతాయి. ఈ బ్యాండ్ అసలు గుట్టంతా ఆ ఐదు సెకన్లలోనే దాస్తుంది.

ఇంకో పొరపాటు వాల్యూమ్‌ని సమం చేసే సెట్టింగ్. అందులో ట్రాక్ పద్ధతి, ఆల్బమ్ పద్ధతి అని రెండుంటాయి. ట్రాక్ పద్ధతి పెడితే నిమిషం పాటు మెల్లగా సాగే 'త్రూ మై వర్డ్స్' పియానో, దాని వెంట వచ్చే మెటల్ పాటంత గట్టిగా మోగుతుంది. ఆల్బమ్ పద్ధతి పెట్టండి.

ఎల్పీ మీద వినేవారికి వేరే బాధ. ఒక వైపుకి సుమారు 20 నిమిషాలు అనుకుంటే 77 నిమిషాలకి నాలుగు వైపులు కావాలి, మూడుసార్లు లేవాలి. ఈ ఆల్బమ్ సీడీ కాలంలో, సీడీ నిడివిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఇక్కడ సీడీదే గెలుపు.

ప్ర: ఒక ఆల్బమ్ చివరి శబ్దం తర్వాతి ఆల్బమ్ మొదట్లో వస్తుందట, నిజమేనా?

జ: నిజమే, నాలుగు ఆల్బమ్‌ల వరకు. 'ఫైనలీ ఫ్రీ' చివరి హోరుతోనే 2002లో 'ద గ్లాస్ ప్రిజన్' మొదలవుతుంది. ఆ 2002 ఆల్బమ్ చాలాసేపు మోగే ఒక కార్డ్‌తో (ఒకేసారి పలికే కొన్ని స్వరాలు) ముగుస్తుంది, 2003 నాటి 'ట్రెయిన్ ఆఫ్ థాట్' ఆ కార్డ్‌లోంచే లేస్తుంది. అది ఒంటరి పియానో స్వరంతో ఆగుతుంది, అదే స్వరంతో 'ఆక్టవేరియమ్' తెరుచుకుంటుంది. 'ఆక్టవేరియమ్' చివర ఎక్కడికి వెళ్తుందంటే తన మొదటి స్వరానికే. గొలుసు వలయమైపోయింది, ఇక తర్వాతి ఆల్బమ్‌కి అందించడానికి కొస మిగల్లేదు. అందుకే 2007 నాటి 'సిస్టమాటిక్ కేయాస్' మొదట్లో ఆ ముడి కనిపించదు.

వరసగా పెట్టి వినాలంటే గ్యాప్‌లెస్ ఆన్ చేసినా పూర్తి నున్నగా రాదు. వేర్వేరు సీడీలు, వేర్వేరు మాస్టరింగ్.

ప్ర: 'ఆక్టవేరియమ్'లో 5, 8 అంకెల గోల ఏమిటి?

జ: పియానో మీద ఎఫ్ స్వరం నుంచి పై ఎఫ్ దాకా లెక్కపెట్టండి. తెల్లమెట్లు ఎనిమిది, నల్లమెట్లు ఐదు. ఇది బ్యాండ్‌కి ఎనిమిదో స్టూడియో ఆల్బమ్. అప్పటికి వచ్చిన లైవ్ ఆల్బమ్‌లు ఐదు. ఆ కాకతాళీయాన్ని పట్టుకుని మొత్తం ఆల్బమ్ కట్టేశారు. పాటలు ఎనిమిది. మొదటి పాటకి ఆధార స్వరం ఎఫ్, రెండోది జి, మూడోది ఏ, అలా బి, సి, డి, ఇ మీదుగా ఎనిమిదోది మళ్లీ ఎఫ్. తెల్లమెట్లన్నీ అయిపోయాయి. మరి నల్లమెట్లు? పాటల మధ్య వచ్చే చిన్న చిన్న శబ్దాలు వాటికి. అట్టమీద ఊగే ఉక్కు గుండ్లు ఎనిమిది, ఎగిరే పిట్టలు ఐదు.

కీబోర్డ్ గానీ హార్మోనియం గానీ దగ్గరుంటే ఒక పని చేయండి. ప్రతి పాట మొదలవగానే ఆధార స్వరం వెతికి ఒక్క మెట్టు నొక్కి పట్టండి. ఎనిమిది పాటల్లో మీ వేలు ఎనిమిది మెట్లు ఎక్కుతుంది. 24 నిమిషాల చివరి పాటకి వచ్చేసరికి బయల్దేరిన చోటే, ఒక స్థాయి పైన ఉంటారు. ఇల్లు చేరిన భావన మాటల్లో చెప్పకుండా శ్రుతితో చెప్పడమంటే ఇదే. చాలా బ్యాండ్‌లు కాన్సెప్ట్ అంటే కథ అనుకుంటాయి. ఇక్కడ కథే లేదు, అయినా ఇంత గట్టి కాన్సెప్ట్ ఇంకో ఆల్బమ్‌లో వీళ్లే చేయలేదు.

ప్ర: 'ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' తాళం లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఓడిపోయాను. ఏదైనా పద్ధతి ఉందా?

జ: ఆరు నిమిషాల పదమూడు సెకన్ల వాద్య సంగీతంలో టైమ్ సిగ్నేచర్ (తాళం లెక్క) నూరుకు పైగా సార్లు మారుతుంది. కచ్చితమైన సంఖ్య అడగొద్దు, స్వరలిపి రాసినవాళ్లని బట్టి అది మారుతుంది. ఒకరు రెండు 7/8 గదులుగా (ఒక్కో గదీ ఒక ఆవర్తం) రాసింది ఇంకొకరు ఒకే 7/4 గదిగా రాస్తారు. వినపడేది ఒకటే, లెక్క వేరు.

మీరు ఓడిపోవడానికి మొదటి కారణం అంకెలు. 'ఒకటి' మూడక్షరాలు, 'రెండు' రెండక్షరాలు. ఆ వేగంలో నాలుక వెనకబడుతుంది. అంకెలు వదిలేసి జతులు పట్టుకోండి. రెండు మాత్రలకి 'తక', మూడు మాత్రలకి 'తకిట'. 5/8 అంటే తక తకిట, లేదా తకిట తక. 7/8 అంటే తక తక తకిట. 9/8ని తక తక తక తకిట అని కూడా విరవొచ్చు. ఎక్కడ మూడు పడుతుందో చెవికి తెలియాలి. ఎన్నోది అన్నది కాగితం మీద పెట్టేటప్పుడు చూసుకోవచ్చు.

రెండో కారణం పాదం. 7/8లో పాదాన్ని మామూలుగా వేస్తూ పోతే ఒక గది నేల మీద, తర్వాతి గది గాలిలో మొదలవుతుంది. తప్పు చేస్తున్నాననుకుని పాదం ఆపేస్తారు. ఆపకండి. రెండు గదులకి పద్నాలుగు మాత్రలు, అంటే సరిగ్గా ఏడు పాదాలు. మళ్లీ కలుస్తుంది.

సాధన ఇలా: శ్రుతి మారకుండా వేగం తగ్గించే ప్లేయర్‌లో 65 శాతానికి దించండి. ఒకసారికి పది సెకన్లే తీసుకోండి. ముందు స్నేర్ డ్రమ్ దెబ్బ ఎక్కడ పడుతోందో చేత్తో కొట్టండి, తర్వాత జతులు చెప్పండి, చివరికి రాసుకోండి. ఆ పది సెకన్లు ఐదుసార్లు తప్పు లేకుండా వచ్చాకే ముందుకి. మధ్యలో హఠాత్తుగా పాతకాలపు ర్యాగ్‌టైమ్ పియానో వస్తుంది. అది ఊపిరి తీసుకునే చోటు, అక్కడ పుస్తకం మూసి నవ్వుకోవచ్చు.

లెక్క కుదిరాక ఇంకోటి వెతకండి. ఈ వాద్య సంగీతంలో 1992 నాటి 'మెట్రోపొలిస్ పార్ట్ 1' ముక్కలు చల్లి ఉన్నాయి. 'ఓవర్చర్ 1928'లోనూ, 'హోమ్'లోనూ ఉన్నాయి. కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి, ఒక్కో బాణీ ముక్కకి మీకు తోచిన పేరు పెట్టి, ఎక్కడ, ఏ వాద్యం మీద, ఎంత వేగంతో వచ్చిందో సెకన్లతో సహా రాయండి. రెండు విన్న తర్వాత మూడో కాగితం కావాల్సి వస్తుంది.

ప్ర: 'సిక్స్ డిగ్రీస్' రెండో సీడీలో ఎనిమిది ట్రాక్‌లుంటే ఆరుగురి కథ అంటారేం?

జ: మొదటిది వాద్య బృందపు ప్రారంభం. 'అబౌట్ టు క్రాష్' రెండుసార్లు వస్తుంది, మనిషి ఒకరే. రెండు తీసేస్తే ఆరు. బైపోలార్‌తో బాధపడే అమ్మాయి, యుద్ధం నుంచి తిరిగొచ్చినా యుద్ధం వదలని సైనికుడు, స్కిజోఫ్రీనియా, ప్రసవానంతర కుంగుబాటు, ఆటిజం, ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు. ఆరుగురి మధ్య కథా సంబంధం లేదు. వాళ్లని కట్టి ఉంచేది ప్రారంభంలో వచ్చిన బాణీలే. 42 నిమిషాలు ఒకే పాటగా వినండి.

ప్ర: పోర్ట్‌నాయ్ తాగుడు మానడం గురించి రాసిన పాటలు వరసగా వినాలంటే ఏవి? ఒకచోట ఎందుకు లేవు?

జ: ఐదు పాటలు, ఐదు ఆల్బమ్‌లు, మొత్తం కలిపి 57 నిమిషాల పైచిలుకు. 2002లో 'ద గ్లాస్ ప్రిజన్', 2003లో 'దిస్ డయింగ్ సోల్', 2005లో 'ద రూట్ ఆఫ్ ఆల్ ఈవిల్', 2007లో 'రిపెంటెన్స్', 2009లో 'ద షాటర్డ్ ఫోర్ట్రెస్'. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థవారి పన్నెండు మెట్లే వీటికి ఆధారం. ఆ సంస్థను మొదలుపెట్టినవారిలో ఒకరైన బిల్ విల్సన్‌కీ ఆయన స్నేహితులకీ అంకితం.

మెట్ల పంపకం చూడండి: మూడు, రెండు, రెండు, రెండు, మూడు. ప్రతి మెట్టుకీ ఒక ఉపశీర్షిక, అన్నీ 'ర' గుణింతంతోనే మొదలు: రిఫ్లెక్షన్, రెస్టరేషన్, రివిలేషన్, ఇలా చివరి రెస్పాన్సిబుల్ దాకా. మొదటి మెట్టు తన వల్ల కావడం లేదని ఒప్పుకోవడం. నాలుగో మెట్టు తన తప్పుల చిట్టా తనే రాసుకోవడం. ఎనిమిది, తొమ్మిది మెట్లు ఎవరెవరిని బాధపెట్టాడో జాబితా రాసి, వీలైనంత వరకు సరిదిద్దుకోవడం. అందుకే ఆ రెండు మెట్లున్న 'రిపెంటెన్స్' మిగతా వాటిలా ఉరకదు. నెమ్మదిగా కూర్చుంటుంది. మధ్యలో వేరే వేరే సంగీతకారులు తమ జీవితాల్లోని క్షమాపణలు మాటల్లో చెబుతారు. మెటల్ ఆల్బమ్‌లో అంత నిదానమేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. క్షమాపణ నిమిషానికి 200 బీట్ల వేగంతో చెప్పేది కాదు కదా.

ఆఖరి పాటలో కొత్త సరుకు కోసం వెతక్కండి. ముందు పాటల రిఫ్‌లూ మాటలూ తిరిగొచ్చి అక్కడ కలుస్తాయి. విడిగా వింటే అతుకుల బొంతలా ఉంటుంది, నాలుగూ విన్నాక వింటే లెక్క తేలుతుంది.

ఒకచోట ఎందుకు లేవంటే, మెట్లు ఎక్కడానికి కాలం పడుతుంది కాబట్టి ఆల్బమ్‌కి ఒకటి చొప్పున రాశాడు. అన్నీ వరసగా వేదిక మీద వాయించడం 2017 దాకా కుదర్లేదు. అప్పటికి అతను బ్యాండ్ వదిలి ఏడేళ్లు. వేరే వాద్యకారులతో, చివరి పాట పేరే బృందానికి పెట్టుకుని వాయించాడు. డ్రీమ్ థియేటర్‌కి తిరిగొచ్చింది 2023 అక్టోబర్‌లో.

ప్లేలిస్ట్ చేసుకునేటప్పుడు వాల్యూమ్ సమం చేయడం గురించి పైన చెప్పినదానికి తిరగేసి చేయండి. ఐదు ఆల్బమ్‌ల వాల్యూమ్ ఐదు రకాలు కాబట్టి ఇక్కడ ట్రాక్ పద్ధతే నయం. ముందుమాటగా 1994 నాటి 'ద మిర్రర్' చేర్చండి. అదీ అదే గొడవ మీద రాసిందే, ఏడు తీగల గిటార్ బరువుతో.

ప్ర: 'ది ఆస్టానిషింగ్' రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. తప్పు నాదా, వాళ్లదా?

జ: ఇద్దరిదీ. 34 ట్రాక్‌లు, సుమారు 130 నిమిషాలు. 2285లో మనుషులు సంగీతం మరిచిపోయిన సామ్రాజ్యం, యంత్రాలు చేసే రొద, పాడగలిగిన ఒకే ఒక్క గేబ్రియల్, చక్రవర్తి నఫారియస్ కూతురు ఫెయిత్‌తో అతని ప్రేమ, సొంత ఎత్తులు వేసే ఆమె అన్నదమ్ముడు. కథ పెట్రూచిది. జానపద సినిమా చూసినవాళ్లెవరికైనా ఇది అరగంటలో అర్థమవుతుంది. ఇబ్బంది కథతో కాదు. ఎనిమిదిమంది పాత్రలకీ లాబ్రీ ఒక్కడే గొంతు. చాలా పాటలు చిన్నవి, నెమ్మదివి. కథని చెప్పే పని మాటల మీద పడి, రిఫ్ చేయాల్సిన పని తగ్గిపోయింది. 1999 ఆల్బమ్‌లో మాటలు వినకపోయినా ఎవరో చచ్చిపోయారని తెలుస్తుంది. ఇక్కడ పుస్తకం లేకపోతే ఎవరు చచ్చిపోయారో తెలియదు.

మూడోసారి వినేటప్పుడు రెండు రోజులకి పంచండి. మొదటి అంకం 20 ట్రాక్‌లు ఒక రోజు, రెండో అంకం 14 ఇంకో రోజు. సాహిత్యం ముందు పెట్టుకుని ప్రతి పంక్తి పక్కనా ఎవరిదో ఒక అక్షరం రాసుకోండి. మధ్యమధ్య వచ్చే యంత్రపు రొద ట్రాక్‌లు దాటేయకండి. సంగీతం లేని లోకం ఎలా ఉంటుందో చెప్పేవి అవే, చివర్లో అవి ఆగిపోవడం తెలియాలంటే ముందు విని ఉండాలి.

ప్ర: మా బ్యాండ్ 20 నిమిషాల కథాగీతం చేస్తోంది. విన్నవాళ్లు ఎనిమిదో నిమిషానికి ఫోన్లు తీస్తున్నారు. ఎక్కడ తప్పు?

జ: మీరు పంపిన వివరాల ప్రకారం వేగం మొత్తం 140 దగ్గరే ఉంది, పదిహేడు నిమిషాలు ఫుల్ డిస్టార్షన్, 64 గదుల గిటార్ సోలోలు రెండు. 140 వేగంలో 64 గదులంటే ఒక్కోటి దాదాపు ఒక నిమిషం యాభై సెకన్లు. ఒకటి సగానికి కోయండి, రెండోది తీసేయండి.

అసలు లోటు అది కాదు, గుర్తుపెట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. ఐదారు స్వరాల బాణీ ఒకటి చేయండి, నోటితో పాడగలిగేది. మొదటి రెండు నిమిషాల్లో ఒంటరిగా, పియానో మీదో శుభ్రమైన గిటార్ మీదో వినిపించండి. ఆరో నిమిషంలో అదే బాణీని అరచేయి అదిమి వాయించే రిఫ్‌గా 7/8లోకి వంచండి. పన్నెండో నిమిషంలో బేస్ ఒక్కటే, సగం వేగంతో. చివర మేజర్ స్కేల్‌లో, విస్తారంగా. విన్నవాడికి కారణం తెలియకపోయినా ఎక్కడో విన్నానే అనిపిస్తుంది. ఫోన్ అక్కడ ఆగుతుంది.

ప్రారంభ వాద్య భాగాన్ని అన్నిటికన్నా చివర రాయండి. మిగతా పాటలోని మంచి ముక్కలు తేలాకే వాటిని ముందు ఎరగా వేయగలరు. సాహిత్యంలో ఒక విభాగంలో ఒకరే మాట్లాడాలి. మాట్లాడేవారు మారితే శ్రుతో వాద్యమో కూడా మారాలి, లేకపోతే ఒకే గాయకుడితో ఎవరెవరో తెలియదు. విభాగాల మధ్య నిశ్శబ్దం పెట్టకుండా రెండు వైపులా ఉండే ఒక స్వరాన్ని పట్టి ఉంచండి. రికార్డింగ్‌కి ముందు క్లిక్ ట్రాక్‌లో వేగాలన్నీ, గదుల మార్పులన్నీ ఎక్కించి డ్రమ్మర్‌తో వారం సాధన చేయించండి. స్టూడియోలో కూర్చుని 7/8 ఎక్కడ మొదలైందని వాదించుకుంటే గంటలు కరిగిపోతాయి.

ప్ర: మంటల్లో న్యూయార్క్ ఉన్న అట్టతో ఒక లైవ్ సీడీ ఉందంటారు. కట్టుకథేనా?

జ: కట్టుకథ కాదు. 'లైవ్ సీన్స్ ఫ్రమ్ న్యూయార్క్', మూడు సీడీలు. అట్ట మీద ఆపిల్ పండు, దాని పైన మంటల్లో నగరం, జంట భవనాలతో సహా. విడుదలైన రోజు 2001 సెప్టెంబర్ 11. వెంటనే వెనక్కి తీసుకుని కొత్త అట్టతో మళ్లీ వేశారు. పాత అట్టది మీ చేతికొస్తే సీడీలు మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. అట్ట కోసం కొనేవాళ్లు లోపల చూడటం మరిచిపోతారు.